మోటారును అతికించకండి, కూర్చోబెట్టండి

నా బల్ల మీద ఉసిరికాయంత గడ్డ ఒకటి ఉంది. ఎపాక్సీది, అంటే అరాల్డైట్ లాంటి, రెండు గొట్టాల్లోంచి తీసి కలిపితే గట్టిపడే జిగురుది. తేనె రంగులో ఉంటుంది. ఒక వైపు దొన్నెలా లోపలికి వంగి ఉంటుంది, రిమోట్ పడవలో పెట్టిన 540 సైజు మోటారు పడుకున్న చోటు అది. రెండో వైపు చదునుగా, అద్దంలా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపే నా తప్పుకు సాక్ష్యం. జిగురు పడవ అడుగును గట్టిగా పట్టుకుని, చివరికి తట్టుకోలేక విరిగి ఉంటే ఆ వైపు విరిచిన బెల్లం అచ్చులా గరుకుగా ఉండాలి. అలా లేదు. అంటే అది పడవను ఏనాడూ పట్టుకోలేదు. మూడు వారాల పాటు దాని మీద ఊరికే కూర్చుంది, అంతే.

సంగతి ఇది. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం. ఊరి బయటి చెరువులో నా మొదటి రిమోట్ పడవను నడుపుతున్నాను. రెండడుగుల పొడవు, ఏబీఎస్ ప్లాస్టిక్ ఒళ్లు, నల్ల రంగు. నల్ల రంగు ఎందుకు వేశానో ఇప్పుడు అడగకండి. ఒడ్డుకు నలభై అడుగుల దూరంలో గుర్రపు డెక్క వేళ్లు ప్రొపెల్లర్‌కు చుట్టుకున్నాయి. ఆ క్షణంలో చేయవలసింది ఒక్కటే, త్రాటిల్‌ను, అంటే వేగం పెంచే మీటను, వదిలేయడం. నేను ఇంకాస్త పెంచాను. మోటారు ముందు మూలిగింది. తర్వాత ఉన్నట్టుండి కీచుమంటూ గొంతు పెంచింది. ఒడ్డున నిలబడ్డ కుర్రవాళ్లు పడవ జోరందుకుందనుకుని చప్పట్లు కొట్టారు. పడవ మాత్రం ఉన్న చోటే ఉంది. మోటారు తన మానాన తాను తిరుగుతోంది, ప్రొపెల్లర్‌ను తిప్పే కడ్డీతో, అంటే షాఫ్టుతో, దానికి సంబంధం తెగిపోయింది.

చేపల గాలం దారానికి పాత టెన్నిస్ బంతి కట్టి, పడవ అవతలికి పడేలా విసిరి, దారం పడవను చుట్టుకునేలా మెల్లగా లాక్కోవాలి. ఈ ఆటలో దిగిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకునే విద్య ఇది. నేను ఆ రోజు నేర్చుకున్నాను, గంటన్నర పట్టింది. పైమూత తీసి చూస్తే మోటారు పక్కకు దొర్లి పడి ఉంది. చేత్తో ముట్టుకోలేనంత వేడిగా ఉంది. ఆ గడ్డ దాని పొట్టకు పిల్లకోతిలా కరుచుకుని ఉంది.

ఇలాంటి కథ చెప్పగానే తోటి ఔత్సాహికుల నుంచి రెండు రకాల సలహాలు వస్తాయి. ఒకటి, "మంచి ఎపాక్సీ వాడాల్సింది, చవక రకం వాడి ఉంటావు." రెండు, "జిగురు పని సోమరి పని, స్క్రూలతో బిగించుకో." నాకు రెండూ రుచించవు. మొదటిది తప్పును గొట్టం మీదకు నెడుతుంది. రెండోది ఎపాక్సీ అనే అద్భుతమైన పదార్థాన్ని పిల్లల గమ్‌తో ఒకే గాటన కట్టేస్తుంది. నాలుగు పడవలు కట్టి, రెండు పాడుచేసుకున్నాక నాకు కుదిరిన అభిప్రాయం వేరు. మోటారు కింద ఎపాక్సీ ఉండాలి. కానీ అది మోటారుకు అంటుకోకూడదు.

ఇది వింతగా వినిపిస్తుందని తెలుసు. అంటుకోని జిగురు ఎందుకు? అక్కడికే వస్తాను. ముందు కాస్త లెక్క.

చాలామంది అనుకునేది ఏమిటంటే, మోటారు తిరిగేటప్పుడు మెలితిప్పే బలానికి జిగురు ఊడిపోతుందని. లెక్క వేసి చూడండి. 100 వాట్ల శక్తిని నిమిషానికి 10,000 చుట్ల వేగంతో ఇస్తున్న మోటారు మెలితిప్పే బలం దాదాపు 0.095 న్యూటన్ మీటర్లు. అంటే ఒక సెంటీమీటరు పొడవున్న చేతికి కిలో బరువు వేలాడదీస్తే ఎంతో అంత. 540 మోటారు వ్యాసం 36 మి.మీ. కాబట్టి దాని ఒంటి మీద, అంటే కేంద్రం నుంచి 18 మి.మీ. దూరంలో, ఆ బలం అర కిలోకు కాస్త అటూ ఇటూగా తేలుతుంది. ఇప్పుడు జిగురు వైపు చూద్దాం. బాగా తోమి సిద్ధం చేసిన లోహం మీద మంచి ఎపాక్సీ, పక్కకు నెట్టే బలాన్ని చదరపు సెంటీమీటరుకు నూరు కిలోలకు పైగానే తట్టుకుంటుంది. మనం అశ్రద్ధగా చేశాం, అందులో పదో వంతే దక్కిందనుకుందాం. రెండు సెంటీమీటర్లకు నాలుగు సెంటీమీటర్ల అతుకు అయినా ఎనభై కిలోలు ఆపాలి. కావలసింది అర కిలో, ఉన్నది ఎనభై కిలోలు. ప్రొపెల్లర్‌కు డెక్క చుట్టుకుని మోటారు బిగుసుకుపోయినప్పుడు ఆ అర కిలో రెండు మూడింతలు అయిందనుకున్నా ఎనభైకి ఎక్కడా దగ్గరకు రాదు.

మరి ఎందుకు ఊడింది? బలం చాలక కాదు. బలం ఎటు నుంచి వచ్చిందన్నదే అసలు సంగతి.

అద్దానికి అతికించిన బొట్టు బిళ్లను చూడండి. వేలితో పక్కకు జరపాలంటే ఒక పట్టాన కదలదు. అంచున గోరు దూర్చి లేపితే చటుక్కున వచ్చేస్తుంది. బిళ్ల అదే, జిగురూ అదే. పక్కకు నెట్టేటప్పుడు జిగురు మొత్తం కలిసి పనిచేస్తుంది. అంచు నుంచి లేపేటప్పుడు ఆ క్షణానికి గోరు కింద ఉన్న వెంట్రుకవాసి జిగురు ఒక్కటే పనిచేస్తుంది. అది ఓడితే పక్కది, అది ఓడితే దాని పక్కది. గట్టిపడ్డ ఎపాక్సీ పెళుసు పదార్థం, సాగదు. కాబట్టి అంచున మొదలైన చీలిక ఆగదు.

పడవలో ఆ గోరు ఎవరు? కప్లింగు, అంటే మోటారునూ షాఫ్టునూ కలిపే ముక్క. మోటారు ఇరుసూ ప్రొపెల్లర్ షాఫ్టూ ఒకే గీత మీద లేకపోతే, మోటారు తిరిగిన ప్రతిసారీ దాని ముందు భాగం పైకీ కిందికీ, ఎడమకీ కుడికీ తల ఊపుతూ ఉంటుంది. కంటికి కనిపించనంత చిన్న ఊపు. నిమిషానికి పదివేల సార్లు. ఒక్కో ఊపూ అంచున దూర్చిన గోరే. గుండ్రటి మోటారు ఒంటిని చదునైన అడుగు మీద పెట్టి చుట్టూ జిగురు పోస్తే, ఆ రెండూ నిజంగా కలిసేది సన్నని గీత మేరకే. మిగతాదంతా పక్కల నింపిన ముద్ద. చూడటానికి బోలెడంత జిగురు, పనిచేసేది గోరంత.

దీనికి వేడి తోడవుతుంది. మామూలు గది వేడిలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి తమ గట్టితనం వదులుకోవడం మొదలుపెడతాయి. కరిగి కారిపోవు. రాయిలా ఉన్నది తోలులా మారుతుంది. అయిదు నిమిషాల రకాలు ఈ విషయంలో మరీ సుకుమారం. మోటారు మీద వేలు పెట్టి రెండు మూడు క్షణాలు ఉంచలేకపోయారంటే అది 60 దాటినట్టే లెక్క. మన ఎండల్లో, మూత వేసిన పడవ లోపల, గాలి ఆడని చోట, బ్రష్‌లున్న (తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించే ముక్కలున్న) 540 మోటారు ఆ గీత దాటడానికి పది నిమిషాలు చాలు. వేడి పుట్టే వస్తువుకే వేడికి మెత్తబడే పదార్థాన్ని నేరుగా పూస్తున్నాం. ఇడ్లీ పాత్ర మూతకు కొవ్వొత్తి మైనంతో పిడి అతికించినట్టు.

ఇక మూడోది, నా ఉసిరికాయ గడ్డ మెరుపుకు కారణం. అచ్చు నుంచి తీసిన ప్లాస్టిక్ ఒళ్లు లోపలి వైపు నున్నగా ఉంటుంది. అచ్చుకు అంటుకోకుండా ఫ్యాక్టరీలో పూసిన పదార్థం ఆనవాళ్లు దాని మీద మిగిలి ఉండవచ్చు. నేను పాత బనియను గుడ్డతో తుడిచి, అయిదు నిమిషాల ఎపాక్సీ కలిపి, మోటారు పెట్టేశాను. 80 నంబరు ఉప్పు కాగితంతో గరుకు చేయాలి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, తుడిచిన చోట మళ్లీ వేలు పెట్టకూడదు. చేతులకు రాసుకునే శానిటైజర్ దీనికి పనికిరాదు, చాలా రకాల్లో గ్లిజరిన్ ఉంటుంది. అసిటోన్ వాడితే ఏబీఎస్ ఒళ్లే కరుగుతుంది. ఇవన్నీ తర్వాత తెలిశాయి.

తెలిశాక రెండో పడవ కట్టాను. ఈసారి శాస్త్రోక్తంగా చేశాను. ఒళ్లు గరుకు చేశాను, తుడిచాను. మోటారు ఉక్కు ఒంటిని కూడా తోమాను. అక్కడ ఒక చిన్న ప్రమాదం జరిగింది, చెప్పి తీరాలి. 540 మోటారు ఒంటికి గాలి ఆడటానికి కంతలు ఉంటాయి. లోపల బలమైన అయస్కాంతాలు ఉంటాయి. ఉప్పు కాగితంతో ఉక్కును తోముతుంటే రాలే పొడి ఎటు పోతుంది? నేరుగా కంతల్లోంచి అయస్కాంతాల దగ్గరకు. తోమడం అయ్యాక ఇరుసు తిప్పి చూస్తే ఇసుక రుబ్బినట్టు గరగరమంది. ఆ మోటారు చెత్తబుట్టకు పోయింది. రెండో మోటారుకు కంతల మీద టేపు అంటించి తోమాను. జిగురు పోసేటప్పుడు కూడా ఆ టేపు ఉంచాను. లేకపోతే జిగురు కంతలోకి జారి, తిరిగే భాగాన్ని శాశ్వతంగా బంధించేస్తుంది. అలా మోటారును రాయి చేసుకున్న మిత్రుడొకడు నాకున్నాడు. అప్పట్లో అతనికి ఓదార్పు మాటలు చెప్పాను. ఇప్పుడు నవ్వుతున్నాను.

నెమ్మదిగా గట్టిపడే రకం ఎపాక్సీ వాడాను. రెండు గొట్టాల నుంచి సమపాళ్లలో తీసి పాత టైల్స్ ముక్క మీద పలచగా పరిచి కలిపాను. కప్పులో ముద్దగా కలిపితే తన వేడికి తానే ఉడికి తొందరగా బిగుసుకుంటుంది. పనిలో పనిగా ఒక అపోహ గురించి కూడా. గట్టిపరిచేది (రెండో గొట్టంలోది) కాస్త ఎక్కువ వేస్తే తొందరగా, గట్టిగా వస్తుందని మన హార్డ్‌వేర్ దుకాణాల్లో చెబుతుంటారు. తోడు ఎక్కువైతే పెరుగు తొందరగా తోడుకుంటుందన్న లెక్క అది. ఎపాక్సీకి ఆ లెక్క కుదరదు. గట్టిపరిచేది ఇక్కడ తోడు కాదు, సగం పదార్థం అదే. జత దొరకనిది లోపల అలాగే ఉండిపోయి, అతుకు ఎన్నటికీ జిగటగానే ఉంటుంది.

ఆ అతుకు నిలిచింది. ఎండలు నిలిచింది, డెక్క నిలిచింది, మా అబ్బాయి డ్రైవింగ్ కూడా నిలిచింది. నేను గెలిచాననుకున్నాను.

ఎనిమిది నెలలకు మోటారు బ్రష్‌లు అరిగిపోయాయి.

అప్పుడు అర్థమైంది, మొదటి పడవలో నా సమస్య జిగురు ఓడిపోవడం అయితే, రెండో పడవలో నా సమస్య జిగురు గెలవడం. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేశాను. వేడి జిగురు లోపలిదాకా చేరకముందే ప్లాస్టిక్ ఒళ్లు వంగడం మొదలుపెట్టింది. ఉలితో కొట్టాను, అడుగు చిట్లింది. కత్తిని గ్యాస్ పొయ్యి మీద కాల్చి కోశాను. ఇల్లంతా వచ్చిన వాసనకు మా ఆవిడ పెట్టిన చీవాట్లు వేరే వ్యాసం అవుతాయి. చివరికి మోటారు వచ్చింది, అరచేతి వెడల్పున పడవ అడుగును వెంట తెచ్చుకుని. రెండు వందల రూపాయల మోటారు కోసం నెల రోజుల పనిని పగలగొట్టాను.

అదే వారం మా మామయ్య ఇంటికి వచ్చారు. విశాఖలో ఓడల మరమ్మతు పనిలో ఫిట్టరుగా ముప్ఫై ఏళ్లకు పైగా చేసి రిటైరైన మనిషి. పగిలిన ఒళ్లును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"అతికించేటప్పుడు, దీన్ని రేపు ఎలా విప్పాలీ అని అనుకున్నావా?"

"లేదు మామయ్యా."

"మరి ఇంకేం, నువ్వు బిగించలేదు. పాతిపెట్టావు."

తర్వాత ఆయన చెప్పిన విషయం నా బుర్ర తిరిగేలా చేసింది. నిజమైన ఓడల్లో, పదుల టన్నుల ప్రధాన ఇంజన్ల కింద కూడా ఎపాక్సీయే ఉంటుందట. నేను నమ్మలేదు. తర్వాత చదివి చూస్తే అక్షరాలా నిజం.

పాత రోజుల్లో ఇంజను పాదాలకూ, దాన్ని మోసే ఉక్కు పీఠానికీ మధ్య సందులో పోత ఇనుము లేదా ఉక్కు దిమ్మలు పెట్టేవారు. వాటిని చాక్‌లు అంటారు. షాఫ్టుతో గీత కలిసేలా ఇంజనును నిలబెట్టాక, ఒక్కో పాదం కింద సందు ఒక్కో రకంగా మిగులుతుంది. కాబట్టి ఒక్కో దిమ్మనూ విడిగా ఆకురాయితో రాసి, నీలిరంగు పూసి ఎక్కడ ఆనుతోందో చూసి, మళ్లీ గీకి, మళ్లీ పూసి సరిచేయాలి. ఒక ఇంజనుకు రోజుల తరబడి పని. మామయ్య ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన చేతుల నిండా ఆ నీలిరంగే. ఆ తర్వాత పోసే రెసిన్, అంటే ద్రవంలా పోయగలిగే ఎపాక్సీ, వచ్చింది. చాక్‌ఫాస్ట్ అనే నారింజ రంగు రెసిన్ ఇందులో పేరుమోసినది. ఇంజనును జాకీ బోల్టుల మీద నిలబెట్టి గీత కలుపుతారు. పాదాల కింద సందు చుట్టూ నురగ పట్టీలతో, రేకు ముక్కలతో కట్ట కడతారు. రెసిన్‌లో గట్టిపరిచేది పోసి, డ్రిల్లుకు తగిలించిన తెడ్డుతో కలిపి, ఒక వైపు నుంచే నెమ్మదిగా పోస్తారు. రెండు వైపుల నుంచి పోస్తే మధ్యలో గాలి చిక్కుకుంటుంది. చలి, వేడిని బట్టి ఒకటి రెండు రోజులు వదిలేస్తారు. అది గట్టిపడ్డాక జాకీ బోల్టులు వదులు చేసి, అసలు బోల్టులు బిగిస్తారు. పోసిన రెసిన్ నుంచి కొంత విడిగా చిన్న అచ్చులో పోసి ఉంచుతారు. అది సరిగా గట్టిపడిందో లేదో పరికరంతో నొక్కి పరీక్షిస్తారు, అసలు దాన్ని ముట్టుకోకుండా.

ఇంతవరకూ సరే. నన్ను నిలేసింది తర్వాతి మాట. రెసిన్ పోసే ముందు ఇంజను పాదాల అడుగున అంటుకోకుండా చేసే స్ప్రే కొడతారు. బోల్టులకు గ్రీజు పూస్తారు. అంటే పదుల టన్నుల ఇంజను కింద ఎపాక్సీ పోస్తూ, అది ఇంజనును పట్టుకోకుండా జాగ్రత్త పడతారు!

ఎందుకంటే అక్కడ దాని పని అంటుకోవడం కాదు. సందు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారం దాల్చి, వెంట్రుకవాసి ఖాళీ కూడా లేకుండా కింద ఆనడం దాని పని. పట్టుకోవడం బోల్టుల పని. బోల్టులు కిందికి లాగి పెడతాయి, రెసిన్ ఆ నొక్కుడును మోస్తుంది. నొక్కుడంటే ఎపాక్సీకి ఎంత ఇష్టమో, అంచు పట్టుకుని లేపడమంటే అంత భయం. ఓడల వాళ్లు దానికి ఇష్టమైన పనే అప్పగించారు. మనం బొట్టు బిళ్ల పని అప్పగించి, అది ఊడిపోతే తిడుతున్నాం.

ఆలోచిస్తే ఈ పదార్థం పుట్టుకే అలాంటిది. స్విట్జర్లాండులో పియరీ కాస్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1930లలో ఎపాక్సీ రెసిన్ మీద పనిచేసింది కట్టుడు పళ్ల దిమ్మల కోసం. నోటి ఆకారాన్ని పొల్లు పోకుండా దాల్చి, గట్టిపడేటప్పుడు కుంచించుకుపోని పదార్థం ఆయనకు కావలసి వచ్చింది. ఆ హక్కులు సిబా కంపెనీకి వెళ్లాయి. మనందరికీ తెలిసిన అరాల్డైట్ 1940లలో ఆ పేరుతో బజారుకొచ్చింది. మనం పెన్ను మూత నుంచి ప్లాస్టిక్ బకెట్ దాకా అన్నీ అతికించుకుంటూ దాన్ని జిగురుగానే గుర్తుపెట్టుకున్నాం. దాని మొదటి విద్య అచ్చు పోసుకోవడం. కట్టుడు పళ్లు కూడా చిగురుకు సరిగ్గా అమరాలి, రాత్రికి తీసి గ్లాసులో వేసుకునేలా ఉండాలి. నా మోటారు నుంచి నేను కోరుకునేదీ సరిగ్గా అదే.

మూడో పడవ ఆ పద్ధతిలో కట్టాను. కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను వాదిస్తున్నదంతా ఈ పనిలోనే ఉంది.

ముందుగా శాశ్వతంగా ఉండవలసినవి. 6 మి.మీ. ప్లైవుడ్ పట్టీలు రెండు, పడవ అడుగుకు అడ్డంగా. వీటిని ఎపాక్సీతో నిజంగానే అతికించాను, గరుకు చేసి, తుడిచి, అన్ని మర్యాదలతో. చెక్క జిగురును కొంత పీల్చుకుంటుంది, అతుకు పొడవుగా చదునుగా ఉంటుంది, మోటారు వేడి అక్కడిదాకా రాదు. వీటిని విప్పాల్సిన రోజు రాదు. వస్తే అది పడవకే ఆఖరి రోజు.

తర్వాత మోటారు. ఎల్ ఆకారపు అల్యూమినియం క్లాంపుకు మోటారు ముందు ముఖాన్ని రెండు ఎం3 (3 మి.మీ. లావు) స్క్రూలతో బిగించాను. 540 మోటారుకు ఆ రంధ్రాల మధ్య దూరం 25 మి.మీ. ఎవరు తయారుచేసినా అంతే. అందుకే మోటారు మార్చినా క్లాంపు మార్చనక్కర్లేదు. ఇప్పుడు గీత కలపాలి. ఇక్కడ కప్లింగు పెట్టకూడదు. కప్లింగు వంకరను సహిస్తుంది, అందుకని వంకరను దాచిపెడుతుంది. లేతు షాపులో నలభై మి.మీ. ఇత్తడి కడ్డీ ముక్కకు ఒక వైపు మోటారు ఇరుసుకు సరిపడా 3.2 మి.మీ., రెండో వైపు షాఫ్టుకు సరిపడా 4 మి.మీ. రంధ్రం వేయించాను. లేతు పనివాడు ఇది దేనికని అడిగాడు, పడవకని చెప్పాను. చేపల వేటకు వెళ్తారా సార్ అన్నాడు. ఆ ఇత్తడి గొట్టంలోకి అటు ఇరుసు, ఇటు షాఫ్టు దూర్చితే మోటారు గాలిలో తేలుతూ షాఫ్టుకు కొనసాగింపుగా నిలుస్తుంది. దాని క్లాంపు పాదానికీ ప్లైవుడ్ పట్టీలకూ మధ్య ఎంత సందు మిగిలితే అంత. నా పడవలో ఒక మూల 3 మి.మీ., ఎదురు మూల 7. నేను ఎంత కొలిచి చేసినా మూల మూలకూ నాలుగు మి.మీ. తేడా! మొదటి రెండు పడవల్లో ఆ తేడాను మోటారు మెడ వంచి సర్దానన్నమాట.

క్లాంపు పాదం అడుగున కారుకు పూసే మైనం మూడు పూతలు పూశాను. పాదం రంధ్రాల్లోంచి స్క్రూలు కిందికి దించి, వాటికి ఇత్తడి నట్లు తగిలించాను. స్క్రూ మరలకు గ్రీజు, నట్ల బయటి వైపుకు మాత్రం ఏమీ పూయలేదు. నట్లు రెసిన్‌లో చిక్కుకుపోవాలి, స్క్రూలు రావాలి. పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టితో చుట్టూ కట్ట కట్టాను. మా అబ్బాయి దాచుకున్న ఆకుపచ్చ ముద్ద అందుకు బలైంది. నెమ్మది రకం ఎపాక్సీలో జల్లించిన రంపపు పొట్టు కలిపి, ఇడ్లీ పిండి కంటే కాస్త పలచగా చేసి, ఒక వైపు నుంచి పోశాను. అవతలి వైపు పొంగి వచ్చేదాకా ఆగలేదు. చేతులకు తొడుగులు వేసుకున్నాను. ఎపాక్సీ చర్మానికి పదే పదే తగిలితే ఒక రోజు ఉన్నట్టుండి దురద, దద్దుర్లు మొదలై, ఆ తర్వాత దాన్ని జీవితంలో ముట్టుకోలేని స్థితి రావచ్చు. మిగిలిన ముద్దను కాగితపు కప్పులోనే ఉంచాను. మామయ్య వాళ్ల పరీక్ష పరికరం నా దగ్గర లేదు, గోరుంది.

మర్నాడు సాయంత్రం కప్పులో ముద్ద మీద గోరు గుచ్చాను, దిగలేదు. స్క్రూలు విప్పి, క్లాంపును చెక్క సుత్తితో ఒక్కటి తట్టాను. టక్కున లేచింది. కింద పీఠం మీద క్లాంపు పాదం అచ్చు పడింది. అల్యూమినియం మీద నేను ఆకురాయితో రాసిన అడ్డగీతలతో సహా. ఆ ముఖం అద్దంలా మెరుస్తోంది. బల్ల మీది ఉసిరికాయ గడ్డ మెరుపు లాంటిదే. కాకపోతే ఈసారి నేను కోరుకుని తెప్పించుకున్న మెరుపు.

ఇత్తడి గొట్టం తీసేసి కప్లింగు వేసి, మోటారు నడిపి చూస్తే శబ్దమే వేరు. మొదటి పడవలో ఒళ్లంతా డప్పులా మోగేది. ఇక్కడ తేనెటీగ శబ్దం. అరగంట నడిపాక మోటారును ముట్టుకోలేకపోయినా క్లాంపు పాదం మీద వేలు ఆనించి ఉంచగలుగుతున్నాను. దారిలో అల్యూమినియం వేడిని గాలికి ఇచ్చేస్తోంది.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, కొన్ని న్యాయమైనవి కూడా. "నేను ఆరేళ్ల క్రితం అతికించిన మోటారు ఇంకా కదల్లేదు" అనేవారున్నారు. నమ్ముతాను. నా రెండో పడవ అతుకు కూడా కదల్లేదు కదా. వారి మోటారు చెడిపోయిన రోజు మాట్లాడదాం. జానెడు పడవలో, బొటనవేలంత మోటారుకు క్లాంపూ పీఠమూ పెట్టడం చీమకు పల్లకీ కట్టినట్టే. అక్కడ అతికించుకోండి, పోతే పడవంతా కలిపి మూడు వందలు. అప్పుడు కూడా ఎపాక్సీ కన్నా మెత్తగా సాగే సిలికాన్ మేలని నా అనుభవం, బ్లేడుతో కోస్తే వచ్చేస్తుంది. ఒంటి బయటి భాగమే తిరిగే బ్రష్‌లెస్ మోటార్లయితే అతికించడమన్న ప్రశ్నే లేదు. ఎక్కడ పూస్తారు, తిరిగే చోటా?

స్క్రూల పక్షం వారికి కూడా ఒక మాట. స్క్రూ పుణ్యాత్మురాలేమీ కాదు. వణుకుడుకు వదులవుతుంది, కాబట్టి స్ప్రింగు వాషర్ కావాలి, మరలు పట్టించే ద్రవం ఒక చుక్క కావాలి. అంతకన్నా ముఖ్యం, మోటారు ముఖానికి వేసే స్క్రూ రెండు మి.మీ. ఎక్కువ పొడవున్నా లోపలి రాగి చుట్టలను తాకి మోటారును కాల్చేస్తుంది. నేను ఒకసారి చేతికందిన స్క్రూ వేసి, పొగ వచ్చేదాకా తెలుసుకోలేదు. పైగా ఎగుడుదిగుడు పట్టీల మీద క్లాంపును స్క్రూలతో బలవంతంగా లాగి బిగిస్తే క్లాంపే వంగుతుంది, గీత తప్పుతుంది. కింద సరైన పీఠం లేని స్క్రూ, జిగురు కన్నా మొండి శత్రువు. జిగురు కనీసం ఊడిపోయి తప్పు బయటపెడుతుంది.

రేడియోతో నడిచిన తొలి వాహనాల్లో ఒకటి పడవే. 1898లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా తొట్టి నీళ్లలో దాన్ని నడిపి చూపించారు. లోపల మోటారును ఎలా బిగించారన్నది ఒక్కటే నాకు ఆసక్తి. అప్పటికి ఎపాక్సీ లేదు కాబట్టి, కనీసం ఆ ఒక్క తప్పు ఆయన చేసి ఉండరు.

పోయిన నెల ఆదివారం చెరువులో మళ్లీ డెక్క చుట్టుకుంది. ఈసారి త్రాటిల్ వదిలాను, కానీ ఆలస్యంగా. మోటారు కాలిన వాసన వచ్చింది. పడవను బంతితో లాక్కొచ్చి, గట్టు మీద తువ్వాలు పరిచి, పైమూత తీశాను. వైర్లు రెండు, ముందు ముఖం స్క్రూలు రెండు, కప్లింగు బిగించే చిన్న స్క్రూ ఒకటి. సంచిలోంచి కొత్త మోటారు తీసి పెట్టాను. గీత చూసుకోవలసిన పని లేదు, పీఠానికి గుర్తుంది. మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది. అందులో ఆరు నిమిషాలు గడ్డిలో పడిపోయిన వాషర్ కోసం వెతకడానికే సరిపోయాయి.